గుట్ట లెక్కలో ఆడవాళ్లెక్కడ?

ప్రతి వేసవికి ముందు కాలేజీల నుంచి, విశ్వవిద్యాలయాల నుంచి ఉత్తరాలు వస్తాయి. సహజ వనరులు, బాధ్యతాయుతమైన గనుల అభివృద్ధి మీద ఇంటర్న్‌షిప్ చేయడానికి విద్యార్థినులను రెండు నెలలు మీ దగ్గర ఉంచుకుంటారా అని అడుగుతాయి. మదనపల్లె, పుంగనూరు, కుప్పం పల్లెల్లో తిరిగిన అలవాటుంది కాబట్టి నేనూ ఆ పిల్లల వెంట వెళ్తుంటాను. వాళ్ల శ్రద్ధను నేనెప్పుడూ శంకించలేదు. నా అభ్యంతరమంతా వాళ్ల చేతికిచ్చి పంపే ఫారాల మీదే.

లీజు విస్తీర్ణమెంత, తవ్విన లోతెంత, నెలకెన్ని దిమ్మెలు, రాయల్టీ ఎంత, కూలీలెందరు అని ఆ ఫారాలు అడుగుతాయి. ఆ కూలీల్లో ఆడవాళ్లెందరో, వాళ్లు ఏ పని చేస్తారో, మగవాళ్లతో సమానంగా కూలి ఇస్తున్నారో లేదో రాసే గడి ఉండదు. క్వారీ రాకముందు ఆ గుట్టను ఎవరు వాడుకున్నారన్న ప్రశ్న అసలే ఉండదు.

కుప్పం గ్రానైట్‌కు దేశ విదేశాల్లో గిరాకీ ఉంది. అయితే పగలగొట్టిన బండలో దిమ్మెలుగా లారీ ఎక్కేది కొంతే. మిగిలిన రాయంతా అక్కడే దిబ్బలుగా పడుతుంది. ఆ దిబ్బ పడే చోటు రెవెన్యూ రికార్డులో పోరంబోకు. అంటే ఎవరిదీ కాదని అర్థం చెప్పుకుంటారు. ఆడవాళ్లనడిగితే మాత్రం అది మేకల మేత, వంటచెరకు, సీతాఫలాలు, కానుగ గింజలు, పొరకపుల్లలు. ఆ గుట్ట మీద పడిన వాన వంకల్లో పారి కింది చెరువుకు చేరాలి. వాన తక్కువైన ఈ నేలలో వంక పూడితే చెరువూ, బావీ రెండూ ఎండుతాయి. పొట్టి ఆవుకు పేరు మోసిన పుంగనూరు ప్రాంతంలో పశువుల బీడు తగ్గిపోవడమంటే చిన్న సంగతి కాదు. కట్టెలకూ నీళ్లకూ ఇంకో రెండు మైళ్లు నడవాల్సి వస్తే ఆ నడకను ఏ నివేదికా ఖర్చు కింద రాయదు.

కుప్పం పక్కనే గుడుపల్లె మండలంలో చిగురుగుంట బంగారు గని ఉంది. కోలార్ గనులు మూతపడిన 2001లోనే అదీ ఆగిపోయింది. కోలార్‌లో సయనైడ్ దిబ్బలు మిగిలాయి. గాలి వీచినప్పుడల్లా ఆ దుమ్ము ఇళ్ల మీద పడుతుంది. ఇల్లు ఊడ్చేదీ, దగ్గే బిడ్డను ఆస్పత్రికి తిప్పేదీ ఎవరో మనకు తెలుసు. చిగురుగుంట, బిసనత్తం బ్లాకు 2018లో వేలంలో ఎన్‌ఎండీసీకి దక్కింది. కనుక బాధ్యతాయుతమైన మైనింగ్ ఇక్కడ పాఠ్యాంశం మాత్రమే కాదు. గని మూసిన తర్వాత పాతికేళ్లకు ఆ ఊరు ఎలా ఉండాలన్నది కూడా ఆ బాధ్యతలో భాగమని ఇప్పుడే అడగాలి.

చట్టం మనకేమిచ్చింది? 1952 గనుల చట్టం ఆడవాళ్లను భూగర్భ గనుల్లోకి రానివ్వలేదు. 2019 జనవరిలో ఆ తలుపు కొంత తెరిచారు. అప్పట్లో అది భూగర్భంలో సాంకేతిక, పర్యవేక్షణ, నిర్వహణ పనులకు మాత్రమే. అంటే మనతో తిరిగే ఇంటర్న్ రేపు గనిలో అధికారి కావచ్చు. సంతోషించాల్సిందే. కానీ ఎండలో రాళ్లు మోసే కూలి తల్లికి ఆ తలుపు వల్ల ఒరిగిందేమీ లేదు. రాతి దుమ్ముతో సిలికోసిస్ వస్తుంది. పరిహారం కావాలంటే పని చేసినట్టు రుజువు కావాలి. మస్టర్‌లో పేరే లేనివారు ఏం చూపిస్తారు?

1997 నాటి సమతా తీర్పు షెడ్యూల్డు ప్రాంతాలకు రక్షణ. కుప్పం, పుంగనూరు, మదనపల్లె ఆ పరిధిలోకి రావు. ఇక్కడున్న ఆధారాలు వేరు. ఐదు హెక్టార్ల లోపు క్వారీకైనా పర్యావరణ అనుమతి ఉండాలని 2012 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. ఊరుమ్మడి భూముల ఆక్రమణలను తొలగించాలని 2011లో జగపాల్ సింగ్ కేసులో ఆదేశించింది. 2015లో వచ్చిన జిల్లా ఖనిజ నిధి నిబంధనలు స్త్రీ శిశు సంక్షేమాన్ని ప్రాధాన్య రంగాల్లో చేర్చాయి. వీటిని వాడుకోవాలంటే ఆ గుట్టను ఎవరు, ఎలా వాడుకుంటున్నారో కాగితం మీద ఉండాలి. ఇంటర్న్‌లు చేయగల అసలు పని ఇదే.

అందుకని ఈ వేసవికి మనం మూడు షరతులు పెట్టుకుందాం. మొదటిది, ఊరి ఆడవాళ్లతో కలిసి గుట్ట ఎక్కి మేత, కట్టె, నీటి దారులను సర్వే నంబర్లతో సహా రాయాలి. రెండోది, ఆ నివేదిక తెలుగులో ఉండాలి. సరిహద్దు పల్లెల్లో తమిళ, కన్నడ ఇళ్లకు వాళ్ల భాషలో చదివి వినిపించాలి. విద్యార్థిని ఊరు విడిచేలోగా ఒక ప్రతి పొదుపు సంఘానికి, ఒకటి పంచాయతీకి చేరాలి. మూడోది మనకోసం. ఇంటర్న్‌కు బస్సు ఖర్చూ భోజనమూ ఇవ్వకుండా పని చేయించుకుంటే, జీతం లేని ఆడవాళ్ల చాకిరీ గురించి మాట్లాడే హక్కు మనకుండదు.

రాసుకుని పోతారు, మళ్లీ రారు, మాకేం చెప్పారు అని ఆ పల్లెల్లో ఆడవాళ్లు నన్ను అడుగుతూనే ఉన్నారు. పరిశోధన చేసి డాక్టరేటు తెచ్చుకున్నదాన్ని నేను. నా సిద్ధాంత గ్రంథం ఏ ఊరికీ తిరిగి చేరలేదు. ఈ పిల్లలు రాసేదైనా చేరాలి.