చవక గన్ సేఫ్: చేసే పని, చెయ్యని పని

డాలస్, హ్యూస్టన్ శివార్లలో స్థిరపడిన తెలుగు కుటుంబాల్లో గ్రీన్‌కార్డు వచ్చాక ‘ఇంట్లో ఒక పిస్టల్ ఉంచుకుందామా’ అన్న మాట అప్పుడప్పుడూ వస్తుంటుంది. హెచ్-1బి మీద ఉన్నవాళ్లకు, హంటింగ్ లైసెన్సు లాంటి కొన్ని మినహాయింపులు తప్పిస్తే, ఫెడరల్ చట్టం ఆ వీలు ఇవ్వదు. కొనాలా వద్దా అన్నది ఆ ఇంటివాళ్లు తేల్చుకోవాలి. కొన్నాక ఎక్కడ పెడతారన్నదీ వాళ్ల మీదే పడుతుంది. మన దగ్గర లైసెన్సు తుపాకీ ఉన్నవాళ్లు ఎన్నికలొస్తే సాధారణంగా దాన్ని పోలీస్‌స్టేషన్‌లో అప్పగించి రావాలి. టెక్సస్‌లో అలా ఆరా తీసేవాళ్లు ఉండరు.

దుకాణానికి వెళ్తే యాభై డాలర్ల డబ్బా నుంచి ఐదు వేల డాలర్ల సేఫ్ దాకా కనిపిస్తాయి. చవకది చాలా, ఖర్చయినా గట్టిదే కొనాలా?

చవకది చాలనేవాళ్ల వాదనలో బలముంది. తుపాకీని ముందుగా కాపాడుకోవలసింది దొంగ నుంచి కాదు, ఇంట్లో పిల్లల నుంచి. ఆ పనికి అంగుళం మందం ఉక్కు అక్కర్లేదు, తాళం ఉంటే చాలు. తుపాకీని లోడ్ చెయ్యకుండా తాళం వేసి, తూటాలను వేరుగా దాచిన ఇళ్లలో పిల్లల ఆత్మహత్యలు, పొరపాటున పేలిన గాయాలు తక్కువని 2005లో ‘జామా’ వైద్య పత్రికలో వచ్చిన అధ్యయనం చెప్పింది. టెక్సస్ చట్టం కూడా అంతకు మించి అడగదు. 17 ఏళ్లు నిండని పిల్లల చేతికి పేలడానికి సిద్ధంగా ఉన్న తుపాకీ చిక్కేలా వదిలేస్తే నేరం. తాళం వేసిన పెట్టెలో పెట్టినా, ట్రిగ్గర్ లాక్ బిగించినా జాగ్రత్త తీసుకున్నట్టే లెక్క. పైగా మూడు వేలు పోసి కొన్న సేఫ్ బరువుకు గరాజ్‌లో తప్ప ఎక్కడా పట్టదు. రాత్రి భయమేస్తే అక్కడిదాకా ఎవరు వెళ్తారు? నాలుగు రోజులకు పిస్టల్ మంచం పక్క సొరుగులోకి వచ్చేస్తుంది. పడగ్గదిలో రోజూ వాడే చిన్న పెట్టె, గరాజ్‌లో తెరవని పెద్ద సేఫ్ కన్నా నయం.

గట్టిది కావాలనేవాళ్లు దొంగ సంగతి ఎత్తుతారు. వాళ్ల మాటా కొట్టెయ్యలేం. ఇంట్లోంచి పోయిన తుపాకీ రేపు ఏ నేరంలో తేలుతుందో తెలియదు. దుకాణంలో ఒక చవక సేఫ్ తలుపు తెరిచి అంచు చూడండి. నాలుగంగుళాల మందంగా కనిపిస్తుంది కానీ, అందులో ఉక్కు పై రేకు మాత్రమే. మిగతాది జిప్సమ్ బోర్డు, అంటే అమెరికా ఇళ్లలో గదుల గోడలకు వాడేదే. పక్క గోడను వేళ్లతో తట్టితే బోలుగా మోగుతుంది. 14 గేజ్ రేకు అంటే రెండు మిల్లీమీటర్లు కూడా ఉండదు. 12 గేజ్ అయితే దాదాపు 2.7. మన ఇళ్లలోని బీరువాకు రంగు మార్చి, కీప్యాడ్ తగిలించినట్టుంటాయి కొన్ని.

చాలా గన్ సేఫ్‌ల లోపల అతికించి ఉండే, యూఎల్ అనే పరీక్షా సంస్థ లేబుల్ మీద ‘రెసిడెన్షియల్ సెక్యూరిటీ కంటైనర్’ అని ఉంటుంది. ఒక మనిషి స్క్రూడ్రైవర్, సుత్తి, చిన్న గునపం లాంటి పనిముట్లతో ఐదు నిమిషాలు ప్రయత్నించినా తెరుచుకోలేదని దాని అర్థం. బ్యాటరీ గ్రైండర్‌తో వచ్చినవాడికి సన్న రేకు పెద్ద అడ్డు కాదు. అతన్నీ కాసేపు ఆపాలంటే టీఎల్-15 రేటింగు ఉన్నది కావాలి. దాని ధర వేలల్లో ఉంటుంది, బరువు తరచూ వెయ్యి పౌండ్లు దాటుతుంది.

అగ్నిప్రమాదం విషయంలో చవకదానికి మార్కులు ఇంకా తక్కువ. ‘1,200 డిగ్రీల ఫారెన్‌హీట్‌లో 30 నిమిషాలు’ లాంటి రాతలు చాలావాటి మీద ఉంటాయి. ఎక్కువ భాగం ఆయా కంపెనీలు తమ పద్ధతిలో చేయించుకున్న పరీక్షలే కాబట్టి ఒకదాన్ని ఇంకొకదానితో పోల్చలేం. జిప్సమ్‌లోని నీరు ఆవిరవుతూ వేడిని ఆపుతుంది, నిజమే. అదే తేమ మామూలు రోజుల్లో తుపాకీకి తుప్పు పట్టిస్తుంది. లోపల తేమ పీల్చే పొట్లాలు వేసి, అప్పుడప్పుడూ మారుస్తుండాలి.

మన ఇళ్లలో లెక్క తప్పేది ఇంకోచోట. ‘ఎలాగూ సేఫ్ కొంటున్నాం కదా, బంగారం కూడా అందులోనే పెడదాం’ అంటారు. బంగారం కోసం భారతీయుల ఇళ్లనే ఎంచుకుంటున్న ముఠాల గురించి అక్కడి పోలీసులు హెచ్చరించిన సందర్భాలున్నాయి కాబట్టి ఆ ఆలోచన సహజమే. అయితే పెళ్లికీ పేరంటానికీ నగలు తీస్తారు. అత్తగారికి కోడ్ చెప్పాలి, ఎదిగిన అమ్మాయికి చెప్పాలి. ఏడాది తిరిగేసరికి ఇంటిల్లిపాదికీ తెలిసిన కోడ్ వెనక తుపాకీ ఉంటుంది. బంగారానికి దొంగను ఆపే పెట్టె కావాలి. తుపాకీకి ముందు ఇంటివాళ్లను ఆపే పెట్టె కావాలి. రెంటినీ ఒకే పెట్టెతో సరిపెట్టబోతే ఖర్చూ పెరుగుతుంది, పిల్లల రక్షణా పోతుంది.

ఈ రెండు పనులూ విడదీస్తే మొదటి ప్రశ్నకు జవాబు తేలికవుతుంది. ఒక్క పిస్టల్ ఉన్న ఇంటికి వంద, రెండు వందల డాలర్ల ఉక్కు పెట్టె చాలు. కానీ దాన్ని బిగించాలి. బిగించని చిన్న పెట్టెను దొంగ తెరిచే శ్రమ కూడా పడడు, చంకలో పెట్టుకుని పోతాడు. క్లోజెట్ గోడలోని చెక్క స్టడ్‌కో, కాంక్రీటు నేలకో బోల్టులు దించడానికి కొద్ది డాలర్లే అవుతాయి. ధర పెంచడం కన్నా ఈ పని వల్ల వచ్చే లాభమే ఎక్కువ. అద్దె అపార్ట్‌మెంటులో గోడకు కన్నం పెట్టనివ్వకపోతే, బరువైన మంచం కాలికి ఉక్కు కేబుల్‌తో కట్టేవి దొరుకుతాయి. మూడు నాలుగు పొడవు తుపాకులుంటే మాత్రం 12 గేజ్, యూఎల్ లేబుల్ కన్నా దిగొద్దు. ‘24 తుపాకులు పడతాయి’ అని రాస్తే, స్కోపులున్నవి అందులో సగం పట్టినా గొప్పే.

తాళం దగ్గర పిసినారితనం పనికిరాదు. 2023 అక్టోబరులో అమెరికా వినియోగ వస్తువుల భద్రతా కమిషన్ ప్రకటనతో దాదాపు 61 వేల వేలిముద్ర సేఫ్‌లను వెనక్కి పిలిచారు. వేలిముద్ర నమోదైందని యజమాని అనుకున్నా, నమోదు కాని పెట్టె ఎవరి వేలికైనా తెరుచుకునేది. అలాంటి పెట్టెలోంచి తీసిన తుపాకీతో ఒక పన్నెండేళ్ల అబ్బాయి చనిపోయాడని దావా కూడా పడింది. ఏ వేలిముద్ర పెట్టె కొన్నా, నమోదయ్యాక ఇంట్లో ఇంకొకరి వేలు పెట్టించి తెరుచుకోదని చూసుకోండి. మీటలున్న మెకానికల్ తాళానికి బ్యాటరీ బెడద లేదు. డయల్ తాళం ఏళ్లతరబడి పనిచేస్తుంది కానీ చీకట్లో తిప్పడం కష్టం. కీప్యాడ్ అయితే పిల్లల పుట్టినరోజు కోడ్‌గా పెట్టకండి. వాళ్లు మొదట నొక్కేది అదే.

ఇంత చూసుకుని కొన్న పెట్టె కూడా కోడ్ తెలిసిన పెద్దవాణ్ణి ఆపలేదు. అమెరికాలో తుపాకీ మరణాల్లో సగానికి పైగా ఆత్మహత్యలే. ఉద్యోగం పోయో, వీసా బెంగతోనో, మరే దుఃఖంతోనో ఇంట్లో ఒకరు కుంగిపోయి ఉంటే, చవకదా ఖరీదైనదా అన్న బేరం పక్కన పెట్టాలి. ఆ మనిషి తేరుకునేదాకా తుపాకీ ఆ ఇంట్లో ఉండకూడదు. చట్టం ఒప్పుకునే పద్ధతిలో నమ్మకమైన బంధువు దగ్గరో, భద్రపరిచే డీలర్ దగ్గరో ఉంచాలి.