సైనికుని మౌనము - సర్కారు లెక్క

సైనికుని గౌరవింపవలెనని మనలో అనని వారు లేరు. ఏటేట జనవరి 26వ తేదిని, ఆగస్టు 15వ తేదిని పాఠశాలలలో మేమును ఆ మాటయే చెప్పుచున్నాము. పిల్లలు చప్పట్లు కొట్టుచున్నారు. మాటకు వ్యయము లేదు. కాని ఆ సైనికుడు తుపాకి నప్పగించి వచ్చి, సర్కారు కచేరీలో గుమాస్తాగానో బంట్రోతుగానో చేరి, ముదిమి వచ్చి విరమించునపుడు, సరిహద్దున గడపిన యేండ్లు పింఛను లెక్కలో చేరునా చేరవా యను ప్రశ్న పుట్టును. అక్కడ చప్పట్లు నిలిచిపోయి కాగితములు మాటలాడుట మొదలిడును. ఆ కాగితములు చెప్పునది న్యాయము కాదని మా వాదము.

విషయ మెరుగనివారికి ముందుగా కొంత వివరింపవలసియున్నది. సైన్యమున సిపాయి మొదలగు వారికి పింఛను రావలెనన్న 15 ఏండ్లు సేవ చేయవలెను. ఆ గడువు నిండకమునుపే వదలి వచ్చినవానికి గ్రాట్యుటీ యను కొంత మొత్తము చేతికిచ్చి పంపుదురు. నెలసరి పింఛను లేదు. ఇట్టివాడు పిమ్మట సివిల్ ఉద్యోగమున చేరినచో నేమి చేయవలెనో 2021 వరకు అమలులో నున్న 1972 నాటి కేంద్ర సివిల్ సర్వీసుల పింఛను నిబంధనలలో 19వ నిబంధన చెప్పెను. ఉద్యోగము ఖాయమైన పిమ్మట అతడు రెండు మార్గములలో నొకటి కోరుకొనవలెను. సైన్య మిచ్చిన పింఛనునో గ్రాట్యుటీనో తనయొద్దనే యుంచుకొన్నచో, సైనిక సేవ సివిల్ పింఛను లెక్కలో చేరదు. దానిని తిరిగి చెల్లించినచో చేరును. ఆ చెల్లింపునకు 36 నెలసరి వాయిదాలకు మించకుండ అవకాశము గలదు. తుది వాయిదా చెల్లువరకు సేవ లెక్కకు రాదు.

ఇంతవరకు మాకును ఆక్షేపణ లేదు. ఒకే సేవకు రెండు పింఛనులు ఈయవలెనని మేము కోరము. మా ఆక్షేపణ దాని తరువాతి వాక్యము మీద. గడువులోగా ఏ మార్గమును కోరుకొననివాడు మొదటి మార్గమునే కోరుకొన్నట్లు భావింపబడును. మౌన మర్ధాంగీకారమని మన లోకోక్తి. ఈ నిబంధన చేసినవారు దానిని పూర్ణాంగీకారముగా మార్చివైచిరి. అదియు నెవని మౌనము? ఆజ్ఞలకు లోబడుటయే విద్యగా పదునెనిమిదవ యేట నేర్చి, అడుగనిదే మాటలాడరాదని శిక్షణ పొందినవాని మౌనము!

నియామకపు ఉత్తరువుతో పాటు, ఈ కోరికను తెలుపుమని ఉద్యోగిని వ్రాతమూలముగా అడుగవలెనని ఆ నిబంధనలోనే యున్నది. ఉన్నదిగాని, దేవుడు వరమిచ్చినను పూజారి వరమీయడన్న సామెత ఊరకే పుట్టలేదు. మా వీథిలో నివసించు ఒక వృద్ధుడు ఎనిమిదేండ్లు సైన్యమున పనిచేసి, తల్లి వ్యాధిగ్రస్తురాలగుటచే వదలి వచ్చి, కొన్నాళ్లకు ఒక కచేరీలో చేరెను. అతనిని అడిగినవారు లేరు. అడుగవలసిన కాగితమొకటి గలదని అతడు విరమించిన పిదప, సాటి పింఛనుదారు చెప్పగా తెలిసినది. అడుగకపోవుట కచేరీవారి లోపము. దాని ఫలమనుభవించువాడు మాత్రము ముసలివాడు. బదులు చెప్పనివానికి శిక్ష విధించిన నిబంధన, అడుగనివానికి ఏ శిక్షయు విధింపలేదు.

పోయినదెంత యని పాఠకులు అడుగవచ్చును. కేంద్ర ప్రభుత్వములో 2006 వరకు పూర్ణ పింఛనుకు 33 ఏండ్ల సేవ నిండవలసియుండెను. తక్కువైన కొలది పింఛను ఆ పాళ్లలో తగ్గును. తొమ్మిదేండ్లు సైన్యమునను, 24 ఏండ్లు కచేరీలోను గడపినవాని మొత్తము సేవ సరిగా 33 ఏండ్లు. సైనిక సేవ చేరనిచో పదునొకండు పాళ్లలో మూడు పాళ్లు పోయినట్లే. ఆ లెక్క 2006 తరువాత మారినది. కాని పదేండ్ల సివిల్ సేవ నిండనివానికి నెలసరి పింఛనే లేదన్న కట్టుబాటు నిలిచినది. ఆలస్యముగా ఉద్యోగము దొరకి, తొమ్మిదేండ్లకే వయసు మీరి విరమించినవాడు, అంతకుముందు ఎనిమిదేండ్లు సైన్యమున నున్నను, దేశమునకు చేసిన పదునేడేండ్ల సేవకు నెలకొక్క రూపాయి నెరుగడు. ఇది గణితము, ఉపన్యాసముతో పూడ్చదగిన లోటు కాదు.

మేము నివసించు సనత్‌నగర్ కార్మికుల పేట. ఆల్విన్ కర్మాగారము 1942లో పుట్టినది ఇక్కడనే. అది నేడు లేదు, అందు పనిచేసినవారి కుటుంబములు ఇంకను గలవు. కార్మిక రాజ్యభీమా ఆసుపత్రి ముంగిట ప్రొద్దుననే బారులు తీరిన జనమును ఈ త్రోవను పోవువారెల్లరు చూచియుందురు. ఈ పేటలో ఒక కర్మాగారము విడిచి మరియొక కర్మాగారమున చేరు కార్మికుని సంగతి చూడుడు. 1995 నాటి ఉద్యోగుల పింఛను పథకమున రెండు చోట్ల చేసిన సేవయు కలిసి లెక్కకు వచ్చును. పదేండ్లు నిండిన పింఛనుకు అర్హత కలుగును. యజమానులు వేరు, మొత్తమొకటే. నట్లు బిగించినవాని యేండ్లు గేటు దాటి వెంట రాగా, సరిహద్దు గాచినవాని యేండ్లు సర్కారు కచేరీ గడప యొద్ద ఏల ఆగిపోవలెను? పైగా రెండు చోట్లను అతని యజమాని ఒక్కడే, భారత ప్రభుత్వము! ఆ మాజీ సైనికుడే మా పేటలో ఏ గోదాము కావలివాడుగానో చేరినచో, చందా కట్టిన సేవను మాత్రమే గణించు ఆ పథకమున అతని సైనిక వత్సరములకు చోటే లేదు.

ఖజానాకు భారమగునని కొందరందురు. అమెరికా దేశమున సైనిక పింఛను పొందని మాజీ సైనికుడు సమాఖ్య ఉద్యోగమున చేరినచో, సైన్యమున తాను పొందిన మూలవేతనములో సాధారణముగా నూటికి మూడు వంతులు కట్టి ఆ సేవను కలుపుకొనవచ్చును. సైనిక పింఛను పొందువాడు కలుపుకొనగోరినచో, కొలది మినహాయింపులతో, ఆ పింఛను వదలుకొనవలెను. రెండుమారులు చెల్లింపరాదన్న సూత్రము అక్కడను గలదు. ఆ దేశపు ఆచారములన్నియు మనకు తగునని మేము వాదింపము. ఖజానా కూలిపోవునన్న భయము మాత్రము నిరాధారము.

నిబంధన మార్చరానిదనువారు 2012ను జ్ఞప్తికి తెచ్చుకొనవలెను. అంతకుముందు, సైన్యమునను కచేరీలోను పనిచేసిన భర్త మరణించినచో, భార్య రెండు కుటుంబ పింఛనులలో నొకదానినే ఎన్నుకొనవలసియుండెను. ఆ సంవత్సరము సెప్టెంబరు 24 నుండి రెండును పొందు హక్కు కలిగినది. ఆకాశము విరిగిపడలేదు. ఇల్లాలి యెడల చూపిన వివేకమును ఆమె భర్త బ్రతికియున్న కాలమున చూపుటకు సర్కారునకు చేతులెందుకు రావో తెలియదు.

ఇక ముందు రానున్నది ఇంతకంటె పెద్ద చిక్కు. 2004 జనవరి 1 తరువాత కేంద్ర సివిల్ ఉద్యోగమున చేరినవారికి చందా పింఛను వచ్చినది. ఆంధ్రప్రదేశమున అదే సంవత్సరము సెప్టెంబరు 1 నుండి వచ్చి, 2014లో తెలంగాణకును సంక్రమించినది. సైన్యమును దానినుండి మినహాయించిరి. చందా పద్ధతిలో చేరిన ధనమే గాని గడచిన యేండ్లు లెక్కకు రావు గనుక, సేవను కలుపుటన్న మాటయే మరుగున పడినది. 2025 ఏప్రిల్ 1 నుండి కేంద్రమున అమలైన ఏకీకృత పింఛను పథకము ఏండ్ల లెక్కను మరల తెచ్చినది: 25 ఏండ్లకు సగము జీతము, కనీసము 10 ఏండ్లకు నెలకు 10,000 రూపాయలు. ఇంతలో 2022 జూన్‌లో అగ్నిపథ్ ప్రకటింపబడినది. నాలుగేండ్ల కొలువు, నూటికి ఇరువదియైదుగురికి మించి నిలుపుకొనరు, తక్కినవారికి సుమారు 11.71 లక్షల సేవానిధి. పింఛను లేదు, గ్రాట్యుటీ లేదు. ఆ నెల 17వ తేదిని సికింద్రాబాదు స్టేషనులో రైలు పెట్టెలు తగులబడినవి. కాల్పులలో ఒక యువకుడు ప్రాణము కోల్పోయెను. రైళ్లు తగులబెట్టుటను మేము సమర్థింపము. అయినను ఆ యువకుల నడుగకుండ వారి భవిష్యత్తును నిర్ణయించిన తీరు, పైని చెప్పిన వృద్ధుని యెడల జరిగిన తీరుకు సోదరియే.

తొలి దళమునకు నాలుగేండ్లు 2026 చివర మొదలుకొని నిండుచున్నవి. వారిలో సర్కారు ఉద్యోగములలో చేరువారి నాలుగేండ్లును ఆ పది, ఇరువదియైదేండ్ల లెక్కలలో చేరవలెనని స్పష్టముగా విధింపవలెను. పింఛను లేక వచ్చిన పాత సైనికుల విషయమున నిబంధనను తలక్రిందులు చేయవలెను: వలదని వ్రాసి యిచ్చిననాడే సేవ చేరకుండవలెను, వ్రాయనిచో చేరవలెను, తిరిగి రావలసిన గ్రాట్యుటీని విరమణ కాలమున తగ్గించుకొనవచ్చును. తమ్మునెవరును అడుగలేదని చెప్పు వృద్ధుల సర్వీసు పుస్తకములలో ఆ లేఖ ప్రతి లేనిచో, గడువు మీరలేదనియే భావింపవలెను. దీనికి పార్లమెంటు క్రొత్త చట్టము చేయ నక్కరలేదు. పింఛను నిబంధనలు రాజ్యాంగము 309వ అధికరణము ననుసరించి కార్యనిర్వాహకులే చేసినవి, వారే సవరింపగలరు.

ఈలోగా, మా పాఠకుల యిండ్లలో సైన్యమునుండి వచ్చి సర్కారు కొలువున నున్నవారుండిన, ఈ వారమే సర్వీసు పుస్తకమును చూడగోరి, సైనిక సేవను గూర్చి అందేమి వ్రాసియున్నదో చదువుకొనవలెను. ఏమియు వ్రాసి లేనిచో అర్జీ పెట్టి, అందినట్లు రసీదు తీసికొని భద్రపరుపవలెను.