సీతమ్మ కథ సరే, మన కథ ఏదీ?

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ,

ఒక పాఠం సారా కొట్లు మూయించిందంటే నమ్ముతారా? మన నెల్లూరు జిల్లాలోనే జరిగింది. 1990ల మొదట్లో అక్షర దీపం పేరుతో చదువు ఉద్యమం నడిచింది. పగలంతా కూలికి పోయి, రాత్రి పలకా బలపం పట్టుకొచ్చిన ఆడవాళ్లకి వాచకంలో సీతమ్మ కథ కనిపించింది. తాగుడు కాపురాన్ని ఎట్టా కూలుస్తుందో చెప్పే చిన్న కథ. చదువుతా ఉంటే అది తమ కథేనని వాళ్లకి అర్థమైపోయింది. దూబగుంటలో రోశమ్మ, ఆమెతోటి ఆడవాళ్లు సారా కొట్టు మూయించారు. తర్వాత వాళ్లే ఇంకో వాచకంలో పాఠమయ్యారు. అది చదివి ఇంకో ఊరు లేచింది. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా బంద్.

సాహిత్యమంటే శాలువాలూ సన్మానాలే అనుకునేవాళ్లకి నేను ఈ సంగతే చెప్తా.

మరి మన యానాదుల పాఠం ఏ వాచకంలో ఉంది?

మన గురించి ఎవరూ రాయలేదని కాదు. 1909లో థర్‌స్టన్ దక్షిణాది కులాలు, తెగల మీద ఏడు సంపుటాలు వేస్తే మనం ఏడోదాంట్లో ఉన్నాం. మన హక్కుల కోసం తిరిగిన వెన్నెలకంటి రాఘవయ్య గారు మన మీద ఇంగ్లీషులో పుస్తకం రాశారు. కేశవరెడ్డి గారి 'చివరి గుడిసె' చదవండి, నిద్ర పట్టదు. వీళ్ల మీద (థర్‌స్టన్ సంగతి పక్కన పెట్టండి) నాకు గౌరవమే. అయినా గట్టు మీద నిలబడి చూసేవాడికీ, నీళ్లలో దిగి చేత్తో చేపని తడిమేవాడికీ తెలిసేది ఒకటే కాదు గదా.

శ్రీహరికోటనే తీసుకోండి. అక్కడి నుంచి మొదటి రాకెట్ 1971 అక్టోబరు 9న ఎగిరిందని పోటీ పరీక్షల పుస్తకంలో ఉంటుంది. ఆ దీవి అడవిని నమ్ముకుని బతికిన మనవాళ్లు ఎంతోమంది పులికాట్ ఇవతలికి ఎట్టా వచ్చిపడ్డారో ఆ పుస్తకంలో లేదు. ఆ కథ ముసలోళ్ల నోట్లోనే ఉంది.

మా అవ్వకి ఒక పాట వచ్చేది. అడ్వాన్సు తీరక ఏళ్లకేళ్లు రొయ్యల గుంట కాపలా కాసే మొగుణ్ణి ఎగతాళి చేసే పాట. వింటుంటే నవ్వొచ్చేది. ఆఖర్న లెక్క చూస్తే అప్పు మొదటికన్నా పెరిగి ఉంటుంది, అప్పుడు నవ్వు ఆగిపోయేది. వెట్టిచాకిరీని 1976లోనే చట్టం రద్దు చేసిందని నేను డిగ్రీలో చదివాను. వెట్టి అంటే ఏందో మాత్రం అవ్వ పాటలో అంతకుముందే విన్నాను. కానీ 'యానాదోడు' అనే మాటని తిట్టుగా వాడే క్లాసులో కూర్చుని ఆ పాట నాకొచ్చని ఎట్టా చెప్తాను? సిగ్గుపడ్డాను. రాసుకోలేదు. అవ్వ పోయింది. ఇప్పుడు నాకు రెండు చరణాలే గుర్తున్నాయి.

మీరట్టా చెయ్యొద్దు. ఫోన్లున్నాయి గదా, ఒక పూట రీల్స్ మానేసి అవ్వ దగ్గర కూర్చోండి. అడిగి, ఒప్పుకుంటేనే రికార్డు చెయ్యండి. ఆమె మాటని పుస్తకాల తెలుగులోకి దిద్దకండి. కింద 'జానపదం' అని రాసి వదిలెయ్యకుండా, పాడినామె పేరూ ఊరూ రాయండి. మీ కాలనీలో శ్రీహరికోట నుంచి వచ్చినవాళ్లుంటే ముందు వాళ్ల దగ్గరికే పోండి. ఆ రోజులు గుర్తున్నవాళ్లు ఇప్పుడు ముసలోళ్లు.