గాలీ నీరూ పడవా?

ప్రశ్న: మా అమ్మాయికి 19 ఏళ్ళు. డిగ్రీ చదువుతోంది. ఆరు నెలలుగా స్నానం చేసిన పది నిమిషాలకల్లా మెడమీద, ఛాతీమీద, చేతులమీద చిన్న చిన్న దద్దుర్లు లేస్తున్నాయి. ఒకటే దురద. గంటలో వాటంతటవే పోతాయి. "దీని ఒంటికి నీళ్ళు పడటం లేదు" అని మా అమ్మగారు మూడు రోజులకొకసారే స్నానం చేయిస్తున్నారు. తాగే నీళ్ళు కూడా తగ్గించమంటున్నారు. ప్రాణాధారమైన నీటికే ఎలర్జీ ఉంటుందా డాక్టరుగారూ?
– ఒక తండ్రి, నల్లకుంట

జవాబు: మిగతా సంగతులు తర్వాత. ముందు మీ అమ్మాయిని దాహం తీరా మంచినీళ్ళు తాగమనండి. దద్దుర్లతో ఎవరికీ ప్రాణం మీదికి రాకపోవచ్చుగాని, మన ఎండల్లో నీళ్ళు మానేస్తే మూత్రంలో మంట, కిడ్నీలో రాళ్ళు, కళ్ళుతిరిగి పడిపోవడం తప్పవు.

మన భాషలో "పడదు" అన్న మాట చాలా పెద్ద సంచీ. వంకాయ పడదు, పాలు పడవు, కొత్త ఊళ్ళో గాలీ నీరూ పడలేదు. ఆఖరికి అత్తకూ కోడలికీ పడదు! అన్నీ ఒకే సంచీలో వేయడంవల్ల ఏది ఎలర్జీయో, ఏది కాదో తెలియకుండా పోతుంది. ఊరు మారగానే విరేచనాలు పట్టుకుంటే నీళ్ళు పడలేదంటాం. అసలు నేరం నీటిది కాదు, అందులో చేరిన క్రిములది. అలాంటివారు మీ పేటలోని కోరంటి ఆసుపత్రికి వెళితే ముందుగా ఇచ్చేది ఏమిటి? శుభ్రమైన నీళ్ళు, కాస్త ఉప్పు, కాస్త చక్కెర. పడలేదన్న నీళ్ళే ప్రాణం నిలబెడతాయి.

ఆ ఆసుపత్రికి సర్ రోనాల్డ్ రాస్ పేరు ఉంది కదా. ఆయన కథా ఇలాంటిదే. మలేరియా అంటే ఇటలీ భాషలో చెడ్డగాలి. ఆ గాలి పడకనే చలిజ్వరం వస్తుందని తరతరాలుగా నమ్మారు. 1897 ఆగస్టు 20న మన సికింద్రాబాదులో రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని చూశాడు. గాలి నిర్దోషి అని తేలింది. ఇప్పుడు మీ ఇంట్లో నీళ్ళు బోనులో నిలబడి ఉన్నాయి. విచారించకుండా శిక్ష వేయకూడదు.

ఎలర్జీ అంటే ఏమిటి? మన ఒంట్లో రోగాలతో పోరాడే కాపలా సైన్యం ఉంది. అది ఒక్కోసారి హాని చేయని వస్తువును కూడా శత్రువనుకొని విరుచుకుపడుతుంది. అదే ఎలర్జీ. సాధారణంగా ఈ సైన్యం గుర్తుపట్టేది మాంసకృత్తుల వంటి పెద్ద అణువులను. రొయ్యలు, గుడ్డు, వేరుశనగ, పుప్పొడి పడకపోవడానికి కారణం వాటిలోని మాంసకృత్తులే. నీరు, ఉప్పు, గ్లూకోజు, ప్రాణవాయువు చాలా చిన్న అణువులు. పైగా పుట్టకముందునుంచీ ప్రతి కణంలోనూ ఉన్నవి. పెద్దవారి శరీరం బరువులో సుమారు 60 శాతం నీరే. ఇంటివాళ్ళను కాపలావాడు దొంగలనుకోడు.

మరి మీ అమ్మాయి దద్దుర్ల మాటేమిటి? అనుమానించవలసినవి ఇవీ:

మొదటిది వేడి. వేణ్ణీళ్ళ స్నానంతో ఒళ్ళు వేడెక్కి, చెమట పట్టబోయేముందు కొందరికి ఇలాంటి సన్నటి దద్దుర్లే లేస్తాయి. చాలా ఏళ్ళ క్రితం చిక్కడపల్లినుంచి ఒక అమ్మాయిని నీళ్ళు పడటం లేదనే నా దగ్గరికి తీసుకొచ్చారు. గబగబా మేడమెట్లు ఎక్కినా, మిరపకాయ బజ్జీలు తిన్నా, పరీక్ష హాల్లో కంగారుపడినా ఇదే వరసట. ఇక నీళ్ళను ఏమనగలం? గోరువెచ్చని నీళ్ళు, ఎలర్జీ తగ్గించే మాత్రలు ఆమెకు సరిపోయాయి.

రెండవది చల్లదనం. చన్నీళ్ళు, చలిగాలి, ఐసు తగిలిన చోటల్లా దద్దుర్లు లేచేవారు ఉంటారు. వీరు ఒక్కసారిగా చెరువులోనో, ఈతకొలనులోనో దూకితే రక్తపోటు పడిపోయి స్పృహ తప్పవచ్చు. డాక్టరు అనుమతి లేకుండా ఈత వద్దు.

మూడవది సబ్బు, షాంపూ, సున్నిపిండి, గరుకు పీచు. వారంపాటు ఇవేవీ లేకుండా ఉత్త నీళ్ళు పోసుకొని చూడండి.

ఇవేవీ కాకపోతే నాలుగవది. చల్లనివైనా, వేడివైనా ఉత్త నీళ్ళు తగిలితేనే దద్దుర్లు లేచే జబ్బు నిజంగానే ఉంది. 1964లో అమెరికా వైద్యులు మొదట వర్ణించారు. అతి అరుదు. యుక్తవయసు ఆడపిల్లల్లో కొంచెం ఎక్కువ. అందులోనూ నీటినే సైన్యం శత్రువనుకుంటోందని రుజువు కాలేదు. చర్మంపైనున్న ఏదో పదార్థాన్ని నీరు కరిగించి లోపలికి పంపడంవల్ల కావచ్చునని ఒక ఊహ. ఈ జబ్బున్నవారు కూడా మామూలుగా నీళ్ళు తాగగలరు. ఒంటి వేడికి సమానమైన నీటిలో తడిపిన గుడ్డను ఛాతీపై సుమారు ఇరవై నిమిషాలు ఉంచి చర్మవ్యాధి నిపుణులు దీన్ని తేలుస్తారు. మాత్రలున్నాయి. స్నానానికి ముందు వాజలైను రాసుకున్నా కొందరికి మేలు.

పెద్దవయసువారికి ఒక హెచ్చరిక: దద్దుర్లు లేకుండా స్నానం తర్వాత విపరీతమైన దురద ఉంటే రక్తపరీక్ష చేయించుకోండి. ఎర్రకణాలు మితిమీరి పెరిగే జబ్బు ఇలా బయటపడవచ్చు.

అయితే ప్రాణాధారమైనది ఏదీ ఎప్పుడూ ఎలర్జీ చేయదా? చేస్తుంది. ఇన్సులిన్ చూడండి. అదొక మాంసకృత్తు. 1922 జనవరి 11న టొరంటోలో లెనర్డ్ థాంప్సన్ అనే 14 ఏళ్ళ కుర్రాడికి మొదటి ఇంజక్షను ఇస్తే సూది గుచ్చినచోట గడ్డ కట్టింది. మందు శుద్ధి చాలలేదు. అక్కడితో వదిలేశారా? మరింత శుద్ధి చేసి 23న మళ్ళీ ఇచ్చారు. ఆ పిల్లవాడు ఇంకో 13 ఏళ్ళు బ్రతికాడు. ఆవు, పంది ఇన్సులిన్ వాడిన రోజుల్లో ఎలర్జీలు తరచు చూసేవాళ్ళం. 1982లో మానవ ఇన్సులిన్ వచ్చాక బాగా తగ్గాయి.

నారాయణగూడలో ఒక పన్నెండేళ్ళ బాబుకు ఇంజక్షను చోట ఎర్రగా వాచిందని, "మందు పడలేదు" అన్న బంధువు మాట విని ఇన్సులిన్ మానిపించారు. రెండోరోజుకు వాంతులు, ఆయాసం, మగత. ఆసుపత్రికి చేర్చడం ఇంకొక పూట ఆలస్యమైతే దక్కేవాడు కాడు. కోలుకున్నాక వేరే రకం ఇన్సులిన్ ఇచ్చాం, పడింది. అదీ పడనివారికి ఆసుపత్రిలో అతి కొద్ది మోతాదుతో మొదలుపెట్టి మెల్లగా అలవాటు చేసే పద్ధతి ఉంది.

కాబట్టి తండ్రిగారూ, అమ్మాయిని చర్మవ్యాధి నిపుణుడికి చూపించండి. ఏ నీళ్ళతో, ఎంత వేడిలో, ఏ సబ్బుతో దద్దుర్లు వచ్చాయో వారంపాటు కాగితంమీద రాసి తీసుకెళ్ళండి. పెదవులు, నాలుక వాచినా, ఊపిరి ఆడకపోయినా మాత్రం ఆగకుండా అత్యవసర విభాగానికి పరుగెత్తండి.

మీ అమ్మగారికి నా నమస్కారాలు చెప్పండి. వంకాయ పడదంటే మానేయవచ్చు, బెండకాయ ఉంది. నీటికి బదులు ఇంకొకటి లేదు. అలాంటివాటిని డాక్టరుకు చూపించకుండా మాన్పించవద్దని నేను చెప్పానని చెప్పండి.