రాత్రి కళాకారులకు పగటి లాడ్జి

ఫ్రీమేసన్లనే సోదర సంఘం మాటెత్తితే ముందుగా అందరికీ తోచేది గోప్యత. న్యూయార్క్‌లోని వాళ్ళ లాడ్జీల్లో, అంటే స్థానిక శాఖల్లో ఒకటైన సెయింట్ సెసిల్ లాడ్జి నంబర్ 568 చరిత్రను ఆ కుతూహలంతోనే చదివితే అసలు సంగతి చేజారిపోతుంది. 1865లో మొదలైన ఈ లాడ్జిలో సంగీతకారులు, రంగస్థల కళాకారులు పగటిపూట కూడేవారు. సాధారణంగా లాడ్జీలు సాయంత్రాలే సమావేశమవుతాయి. ఆఫీసులు, దుకాణాలు కట్టేసి వచ్చేవాళ్ళకు అది వీలైన వేళ. నాటకంవాళ్ళు ముఖానికి రంగు వేసుకునేదీ సరిగ్గా అప్పుడే. చప్పట్లు కొట్టిన పెద్దమనుషులే ఊరూరా తిరిగే నటులను తమ సరసన కూర్చోబెట్టుకోవడానికి వెనకాడిన కాలమది. అలాంటప్పుడు కళాకారుల పనివేళలను బట్టి సమావేశం వేళ మార్చడం పైకి చిన్న సర్దుబాటే అనిపించినా, నా దృష్టిలో ఈ లాడ్జి చేసిన అతి పెద్ద పని అదే. 1923లో ఇందులో చేరేనాటికి మాయాజాల విద్యలో హౌడినీ పేరు తెలియనివారు లేరు. అంతటివాడికి కూడా తోటి కళాకారుల మధ్య ఒక చోటు అవసరమైందని నేననుకుంటాను.

నటుల బతుకు మార్చింది లాడ్జీలు కాదు, యూనియన్లు కదా అని అడగవచ్చు. జీతాలు, రిహార్సళ్ళ విషయంలో అది పూర్తిగా నిజం. 1913లో పుట్టిన నటుల యూనియన్ యాక్టర్స్ ఈక్విటీ 1919 సమ్మెతో బ్రాడ్‌వే నిర్మాతల మెడలు వంచింది. మరో లాడ్జిలో మేసన్ అయిన నటుడు, నిర్మాత జార్జ్ ఎం. కోహన్ ఆ సమ్మెను గట్టిగా వ్యతిరేకించాడు. సోదరభావం కూలి తగాదాను తీర్చదనడానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు. కానీ గౌరవం సంగతి వేరు. నల్లజాతి హాస్యనటుడు బర్ట్ విలియమ్స్ ఆ సమ్మె రోజు ఎప్పటిలాగే థియేటర్‌కు వెళ్ళి, ఖాళీ హాలు చూశాకే సంగతి తెలుసుకున్నాడట. తనకెవరూ చెప్పలేదని తోటి నటుడు డబ్ల్యూ.సి. ఫీల్డ్స్‌తో బాధపడ్డాడు. అమెరికాలో తెల్లవాళ్ళ లాడ్జీలు రానివ్వని విలియమ్స్ 1904లో స్కాట్లాండ్‌లోని ఎడిన్‌బరోలో మేసన్ అయ్యాడు. 1922లో ఆయన కన్నుమూసినప్పుడు మేసన్ల పద్ధతిలో అంత్యక్రియలు జరిపించింది తెల్లవాళ్ళదైన సెయింట్ సెసిల్ లాడ్జే. ఆ మర్యాద బతికుండగా దక్కవలసింది. అయినా తెల్లవాళ్ళ లాడ్జి ఒక నల్లజాతి నటుణ్ణి బహిరంగంగా సోదరుడని సాగనంపడం ఆ రోజుల్లో తేలిక కాదు. ఆడవాళ్ళ విషయంలో మాత్రం లాడ్జి వైపున చెప్పడానికేమీ లేదు. 1919 సమ్మెలో కోరస్ నటీమణుల సంఘానికి నాయకత్వం వహించిన మేరీ డ్రెస్లర్ అంతటి నటికి కూడా అక్కడ సభ్యత్వం దొరికేది కాదు.