గళ్ల మాటున ముఖం

ఫొటోలో ముఖాన్ని గళ్లుగళ్లుగా మార్చి దాచే పని ఇప్పుడు బ్రౌజర్‌లోనే క్షణాల్లో అయిపోతోంది. ప్రోగ్రామ్ సరిగ్గా రాస్తే ఫొటో మీ కంప్యూటర్ గడప దాటదు. అంతవరకూ మేలే. చిక్కల్లా ఆ గళ్లను నమ్మడంలోనే ఉంది.

పిల్లలపై అకృత్యాల కేసులో ఇంటర్‌పోల్ వెతికిన ఓ నిందితుడు ఫొటోల్లో తన ముఖాన్ని సుడి తిప్పేశాడు. జర్మనీ పోలీసు నిపుణులు ఆ సుడిని వెనక్కి తిప్పారు. 2007లో అతడు థాయ్‌లాండ్‌లో దొరికిపోయాడు. నేరగాడి ముసుగు తొలగితే సంతోషమే. బాధితురాలి ముసుగు తొలగితే?

గళ్లను సుడిలా వెనక్కి తిప్పలేం. కానీ ఆనవాళ్లు మిగులుతాయి. కంప్యూటర్‌కు ముందే కొందరి ఫొటోలు చూపి తర్ఫీదు ఇస్తే, గళ్ల మాటున ఉన్నది వారిలో ఎవరో చాలాసార్లు పోల్చుకోగలదని 2016లో అమెరికా పరిశోధకులు నిరూపించారు.

అత్యాచార బాధితురాలి గుర్తింపును అనుమతి లేకుండా ప్రచురిస్తే భారతీయ న్యాయ సంహిత 72వ సెక్షన్ కింద రెండేళ్ల దాకా జైలు, జరిమానా. అందుకే గళ్ల కన్నా ముఖంపై నల్లరంగు పులిమేయడమే క్షేమం. ఇంటి గుమ్మం, స్కూలు యూనిఫాం కూడా కప్పాలి. ఊళ్లోవాళ్లు గుర్తుపట్టడానికి కంప్యూటర్ అక్కర్లేదు.