ముందు పార్ చెప్పండి

సింగరేణి సెంటినరీ కాలనీ పిల్లలకు గోల్ఫ్ నేర్పాలంటే కర్ర పట్టించే ముందు లెక్క చెప్పాలి. ఆరితేరిన ఆటగాడికి ఒక హోల్ పూర్తి చేయడానికి పట్టాల్సిన దెబ్బల సంఖ్యే పార్. ఒకటి తగ్గితే బర్డీ, రెండు తగ్గితే ఈగిల్, ఒకటి పెరిగితే బోగీ. తక్కువ స్కోరుదే గెలుపు. క్రికెట్‌తో పెరిగిన పిల్లలను మొదట తికమక పెట్టేది ఇదే. టోక్యో ఒలింపిక్స్‌లో, 2021 ఆగస్టులో, భారత గోల్ఫర్ అదితి అశోక్ ఒక్క స్ట్రోక్ తేడాతో పతకం చేజార్చుకుంది. పార్ తెలియక ఆ ఉత్కంఠ మనలో ఎంతమందికి అందకుండా పోయిందో! గోల్కొండ నయాఖిల్లా గోల్ఫ్ కోర్సు మనకు దూరమే. అయినా సింగరేణి వేసవి శిబిరాల్లో పుట్టింగ్‌, అంటే బంతిని మెల్లగా గుంటలోకి దొర్లించడం, నేర్పవచ్చు: చదునైన గడ్డినేల, 108 మిల్లీమీటర్ల గుంట, ఒక పుట్టర్ (పుట్టింగ్‌ కర్ర), కొన్ని బంతులు చాలు.